పిడి గట్టిగానే ఉంది

లా పాస్‌కి పైన, ఎల్ ఆల్తో అంచున
రేకు కప్పు కింద మా కొట్టు.
రాత్రి తొమ్మిది. బయట బకెట్లో నీళ్ల మీద
అప్పుడే మీగడలా మంచు.
పొద్దున ఆరింటికి పదకొండు సైకిళ్లు
మేఘాల్లోంచి యుంగాస్ అడవిలోకి దిగాలి.
పదింటికి బ్రేకులున్నాయి.
ఏడో నంబరుకి లేవు.

లేవంటే, ఉన్నాయి. పట్టవు.

దోన్యా బసీలియా ముందు లీవర్ నొక్కింది,
సంతలో బేరం కుదరని పండుని నొక్కినట్టు.
"గాలి చేరుంటుంది. ఇంత ఎత్తులో
బుడగక్కూడా ఒళ్లొస్తుంది."

పైన గిన్నె బిగించాం, కింద సిరంజి.
ఆమె నూనె తోస్తుంటే నేను స్క్రూడ్రైవర్ పిడితో
గొట్టం పొడుగునా తట్టాను,
పాలు తాగిన పసివాడి వీపు తట్టినట్టు.
ఒకటి, రెండు, చిన్నవి ఇంకో నాలుగు
తేన్పుల్లా పైకొచ్చి పగిలాయి.
ఆ తర్వాత రాలేదు.
లీవర్ రాయిలా నిలబడింది.

సందులో తొక్కి చూశాను. వాలు పెద్దదేం కాదు,
చివర ఆన్సెల్మా ఆంతికూచోల బండి.
నొక్కితే లీవర్ గట్టిగానే ఉంది,
సైకిల్ మాత్రం ఎవరినో పిలుస్తున్నారనుకుని
తన దారిన తను పోయింది.
రెండు కాళ్లూ నేలకి రాసి ఆపాను.
పొగలోంచి ఆన్సెల్మా విసనకర్ర ఆపి నవ్వింది.

"మళ్లీ," అంది బసీలియా.
మళ్లీ నూనె. ఒక్క బుడగా లేదు.
పిస్టన్లు రెండూ సమంగా వస్తున్నాయి, సమంగా పోతున్నాయి.
గొట్టం చివర తడి లేదు. ప్యాడ్లు సగానికి పైనే ఉన్నాయి.
ఆమె ఇంకేం మాట్లాడలేదు.
చక్రం ఊడదీసి, డిస్కుకి తెల్లగుడ్డ రాసి,
గుడ్డని ముక్కు దగ్గర పెట్టుకుంది.

నాకప్పుడు తెలిసిపోయింది.

రేపు ఏడో నంబరు ఎక్కబోయే పెద్దాయన,
నెదర్లాండ్స్ మనిషి, ఉన్ని టోపీ,
నిన్న వచ్చి తొక్కి చూసుకున్నాడు.
"ఒకటే కీచు, చెవులు పోతున్నాయి," అన్నాడు.
చైనుకి కొట్టే స్ప్రే తీసి
డిస్కు మీద ఇంత కొట్టాను.
కీచు ఆగింది. ఇరవై బొలీవియానోలిచ్చాడు.
నేనూ చెల్లెలూ కోడి వేపుడు తిన్నాం.
చాలా బాగుంది.

చెప్పాను. కోడి వేపుడుతో సహా చెప్పాను.

ఆమె తిట్టలేదని రాయాలనుంది. తిట్టింది.
స్పానిష్‌లో మొదలుపెట్టి, చాలక, ఐమరాలోకి మారింది.
"నొప్పి చెప్పుకోడానికి దానికున్నది ఆ ఒక్క నోరు, ఫ్రోయిలాన్,
అందులో నూనె పోస్తావా!"
ప్యాడ్లు పీకి చెత్తడబ్బాలో వేసింది.
గరుకు కాగితంతో గీకుదామన్నాను.
"తాగిన నూనె కక్కవవి."
కొత్త జత ఎంతో చెప్పింది. నా జీతంలోంచి.

డిస్కు నన్నే తుడవమంది.
కొట్టులో ఉన్న ఆల్కహాలు ఒకటే సీసా, నీలం మూతది,
దిగే ముందు అందరూ చక్రాలకీ నేలతల్లికీ పోసేది.
నా చేతిలోంచి లాక్కుని, గుమ్మం బయటికెళ్లి
గడ్డకట్టిన మట్టి మీద మూడు చుక్కలు వేసి,
పచమామతో ఏదో అని
(నా గురించే అయ్యుంటుంది)
తిరిగిచ్చింది.
కన్నం కన్నం తుడిచాను, అంచులు తుడిచాను,
గుడ్డ నల్లగా వస్తే మార్చి, బూడిదగా వస్తే మార్చి,
తెల్లగా వచ్చేదాకా.

కొత్త ప్యాడ్లకీ డిస్కుకీ చనువు కుదరాలి.
పదకొండున్నరకి, సందులో,
వేగంగా తొక్కడం, నొక్కడం, పూర్తిగా నిలబడకముందే వదలడం.
ఇరవై సార్లు.
ఈ ఎత్తులో పుట్టినవాణ్ణి, నాకే ఊపిరందలేదు.
ఆరోసారికి కాస్త పట్టు తెలిసింది.
పదమూడోసారి ముందు చక్రం దగ్గర కాలిన వాసన.
బొగ్గులార్పుతూ ఆన్సెల్మా లెక్కపెడుతోంది.
నేను పద్దెనిమిదన్నాను, ఆమె పదిహేడంది.
ఆమె లెక్కే తీసుకున్నాను.

ఇరవయ్యోసారి వెనక చక్రం జానెడు గాల్లోకి లేచింది.
వాలు సగంలోనే ఆగిపోయాను.
ఆ చలిలో, కుక్కలన్నీ లేచేలా,
కీచుమంది.